ఉపదేశి పాట అందించినట్టు

ఆ మ్యూజిక్ మాస్టారంటే నాకు మొదటి ఆదివారం నుంచే పడలేదు. ఆయనకీ నేనంటే పడలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను తప్పు పట్టకుండా.

ఆయన తెనాలి నుంచి వస్తాడు. ఆదివారం పొద్దున ప్యాసింజరు దిగి, భుజాన కీబోర్డు సంచితో రేపల్లెలో మా గుడిలోకి వచ్చి, చెప్పులు విడుస్తూనే "ఇవాళ కాస్త స్పీడుగా పాడదామండీ" అంటాడు. ఎవరినంటున్నాడో అందరికీ తెలుసు. వెనక చాపల మీద కూర్చునే మమ్మల్ని. మేం ముసలాళ్ళం. పాట సాగదీస్తాం. ప్రతి చరణం చివరా ఆగుతాం. ఆయన కీబోర్డు మా కోసం ఆగదు. మేం రెండో చరణం ఎత్తుకునేసరికి ఆయన మూడోదానిలో ఉంటాడు. చివరికి ఆయన ఆమేన్ ఒకటి, మా ఆమేన్ ఒకటి.

మేం ఊరికే ఆగం. ఇక్కడికి దగ్గర్లో నగరం అనే ఊరి పక్కన, కాలవ గట్టున ఉన్న మా పల్లెలో, నా చిన్నప్పుడు, గుడి మొత్తానికీ కీర్తనల పుస్తకం ఒక్కటే. అది ఉపదేశి చేతిలో ఉండేది. పాస్టరయ్యగారు ఎప్పుడో ఒకసారి వచ్చేవారు. తక్కిన ఆదివారాలన్నీ ఉపదేశే మాకు వాక్యం చెప్పేవాడు, పాట నేర్పేవాడు. ఆయన పుస్తకం చూసి ఒక చరణం చదివి అందిస్తే, మేం అందుకుని పాడేవాళ్ళం. ఆయనకీ చదువు అంతంతమాత్రమే. తర్వాతి చరణం కూడబలుక్కునేదాకా మేం చివరి అక్షరం పట్టుకుని లాగుతూ ఉండేవాళ్ళం. ఆ లాగడం కూడా పాటలోదే అనుకున్నాం. తర్వాత ఇంటింటికీ పుస్తకం వచ్చింది, ఉపదేశి పోయాడు. ఆ లాగడం మాత్రం మా గొంతుల్లో ఉండిపోయింది. దాన్ని ఇప్పుడొచ్చి స్పీడు చేస్తానంటే ఒళ్ళు మండదా?

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. అప్పట్లో నాట్ల ముఠాకి మేస్త్రిని. సాయంత్రం బడి పెట్టారంటే వెళ్ళాను. వాళ్ళిచ్చిన పుస్తకంలో అల, వల, తల అని ఉన్నాయి. ఇంత వయసొచ్చి అల, వల అనుకుంటూ కూర్చోవాలా అనిపించి ఇంటికొచ్చేశాను. కీర్తనల పుస్తకం తీశాను. పాట నోటికి వచ్చుగా. పాడుకుంటూ, పాడే మాట కింద వేలు జరుపుకుంటూ పోయాను. ఒక వర్షాకాలం గడిచేసరికి ఏ అక్షరం ఏదో తెలిసిపోయింది.

మా చెల్లెలు అప్పటికే బాపట్లలో ఇంగ్లీషు టీచరు. హాస్టల్లో ఉండి చదువుకుంది. దానికి చూపించాలని కీర్తనల పుస్తకం చేత్తో పట్టుకుని వెళ్ళాను. దాని స్కూలు వాళ్ళు ఇద్దరు ముగ్గురు వరండాలో టీ తాగుతున్నారు. వాళ్ళ ముందే నిలబడి ఒక కీర్తన చదివాను. చెల్లెలు నవ్వింది.

"అది చదవడం కాదక్కా, అప్పజెప్పడం. నీకు రాని పాట చదువు, చూద్దాం."

పక్కవాళ్ళు కూడా నవ్వారు. ఆ టీ నేను తాగలేదు. ఆ రోజు నుంచి మేం పెళ్ళిళ్ళకీ చావులకీ మాత్రమే మాట్లాడుకున్నాం.

ఇక అసలు సంగతి. కిందటేడు మా గుడిలో ఆదివారం మధ్యాహ్నాలు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం క్లాసు పెడుతున్నామని అయ్యగారు చెప్పారు. కీబోర్డూ వయొలినూ నేర్చుకునే పిల్లలు గ్రేడు పరీక్షలు రాయాలట. దానికి ఆ సంగీతం చరిత్ర కూడా చదవాలట. చరిత్ర అనగానే నేను లేచి నిలబడ్డాను, ఆ క్లాసులో నేనూ కూర్చుంటానన్నాను.

ఎందుకంటే, మా కీర్తనల పుస్తకంలో కొన్ని పాటల మీద రాగం, తాళం రాసి ఉంటాయి. అవి మన రాగాలు, ఎక్కడివో తెలుసు. ఇంకొన్నిటి మీద ఇంగ్లీషులో ఏదో ఒక మాట ఉంటుంది, అంతే. మా అమ్మని పాతిపెట్టేటప్పుడు పాడింది అలాంటి పాటే. నా పెళ్ళికి పాడిందీ అలాంటి పాటే. ఆ రాగాలు ఎవరు కట్టారు, ఏ ఊళ్ళో పుట్టాయి, నా నోట్లోకి ఎలా వచ్చాయి? ఎవర్నడిగినా "దొరలు తెచ్చారు" అంటారు. దొరలకెవరిచ్చారో ఎవరూ చెప్పరు. చచ్చిపోయేలోపు అదొక్కటి తెలుసుకోవాలనుకున్నాను.

మాస్టారు మొహం చిట్లించాడు. "మామ్మగారూ, ఇది గ్రేడు క్లాసండి. టెక్స్ట్‌బుక్ చదవగలిగినవాళ్ళే కూర్చోవాలి. అందర్నీ కూర్చోబెడితే భజన అయిపోద్దండి."

"ఏ పుస్తకమది?"

"ఇంకా డిసైడ్ కాలేదండి."

"అయితే నేను చదవగలిగేదే డిసైడ్ చెయ్యి."

"మీరు చదవగలిగేదా?" అని ఆయన నవ్వాడు. నవ్వు ఆపుకున్నట్టు కూడా నటించలేదు.

అయ్యగారు మధ్యలో నలిగిపోయారు. నేను సంఘపెద్దని, తీసిపారెయ్యలేరు. మాస్టారు పోతే క్లాసే లేదు. అందుకని తీర్పు చెప్పారు. ముగ్గురు కూర్చుని ఒక పుస్తకం ఎంచాలి. ఎంచిన పుస్తకాన్ని చదవగలిగినవాళ్ళెవరైనా, వయసుతో పని లేకుండా, క్లాసులో కూర్చోవచ్చు. ఆ ముగ్గురిలో మాస్టారొకరు, నేనొకదాన్ని. ఇంగ్లీషూ తెలుగూ రెండూ బాగా తెలిసిన మనిషి ఒకరు కావాలన్నారు. మా చెల్లెల్ని వేశారు. బాపట్లలో కాపురమున్నా అది ఇప్పటికీ మా గుడి సభ్యురాలే. సంఘంలో అంతమంది ఉండగా అదే దొరికింది అయ్యగారికి.

మొదట తెనాలి వెళ్ళాను. గిటార్లూ ప్యాడ్లూ అమ్మే ఒక కొట్లో మాస్టారికి ఒక మూల టేబులుంది, సాయంత్రాలు అక్కడే పాఠాలు చెప్తాడు. దాని మీద రెండు ఇంగ్లీషు పుస్తకాలు పెట్టాడు. ఒకటి లావుది, పొయ్యి కింద ఇటుకగా పెట్టుకోవచ్చు. ఆయన చదువుకున్నది దాన్నే. దాన్ని అరచేత్తో తుడిచి మరీ తెరిచాడు. నిండా బొమ్మలు. తెల్ల జుట్టు ఉంగరాలు ఉంగరాలుగా వేలాడేసుకున్న మగవాళ్ళు.

"నాటకాల వాళ్ళా వీళ్ళు?"

"కంపోజర్లండి. అవి విగ్గులు. అప్పటి ఫ్యాషను."

"పాడినవాళ్ళ బొమ్మలేవి?"

"ఇది కంపోజర్ల హిస్టరీ అండి."

"వీళ్ళు రాసి ఊరుకుంటే పాటైపోయిందా? ఎవరో ఒకరు నోరు తెరిచి పాడాలిగా?"

"మామ్మగారూ, నాకు ఆరింటికి క్లాసుందండి" అన్నాడు.

రెండోది బక్కది. ఒక ప్రశ్న, దాని కింద రెండు లైన్ల జవాబు, మళ్ళీ ఒక ప్రశ్న. కోడిపిల్లలకి నూకలు జల్లినట్టుంది. ఇది కూడా ఒక పుస్తకమేనా అన్నాను. అది మాస్టారికీ నచ్చలేదు. మా ఇద్దరికీ పొత్తు కుదిరింది ఆ ఒక్క మాట దగ్గరే.

తెలుగులో లేదా అంటే, ఉందన్నాడు, అది మా చెల్లెలి దగ్గర ఉందన్నాడు. అంటే వీళ్ళిద్దరూ ఫోన్లలో మాట్లాడుకుంటున్నారన్నమాట. నాతో ఒక్క ముక్క అనలేదు.

మర్నాడు బాపట్ల వెళ్ళాను. చెల్లెలు తలుపు తీసి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసి, "ఒక్కదానివే వచ్చావా" అంది. కూర్చోమనకముందే కూర్చున్నాను. పసుపు రంగుకి తిరిగిన ఒక పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఎప్పుడో ఒక లెక్చరరు రాసిందట, అట్ట మీద పేరు కూడా చెరిగిపోయింది. తెలుగు అక్షరాలు చూడగానే ప్రాణం లేచొచ్చింది. మధ్యలో తెరిచాను. ఒక మాట మొదలెడితే లైను చివరిదాకా అదే మాట. బహుస్వరసమాంతరగమనమట. ఊపిరి తీసుకునే చోటు లేదు.

"ఇది తెలుగేనంటావా?"

"తెలుగే. నీకు అక్షరాలు వచ్చుగా, చదువుకో."

"మనుషులు మాట్లాడేది ఇలా ఉంటదా?"

"పాఠ్యపుస్తకం మాట్లాడినట్టు ఉండదక్కా. అందుకే ఇంగ్లీషుదే పెట్టుకుందాం అంటున్నా. పిల్లలు పరీక్ష రాసేది ఇంగ్లీషులో. క్లాసు వాళ్ళ కోసమా, నీ కోసమా?"

అది అన్న మాటలో న్యాయం ఉంది. ఉంటే ఏంటి? దాని నోట్లోంచి వచ్చేసరికి నాకు న్యాయంలా వినపడలేదు.

"నన్ను బయట కూర్చోబెట్టాలని మీరిద్దరూ ముందే అనుకున్నారు."

"నువ్వెప్పుడూ బయటే కూర్చున్నానంటావు. సరే, ఒక పని చెయ్యి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఇందులో ఒక పేజీ సంఘం ముందు చదువు. ఏ పేజీయో నేను చెప్తాను. ముందుగా చూడకూడదు. చదివావంటే నా ఓటు తెలుగు పుస్తకానికే. నీ ఓటు ఎలాగూ దానికే. గెలిచినట్టే."

"చదవకపోతే?"

"అప్పజెప్పుకోవడానికి నీకు కీర్తనల పుస్తకం ఉందిగా."

లేచి వచ్చేశాను. పుస్తకం అది తన దగ్గరే ఉంచుకుంది. రైలు నిడుబ్రోలు దాటేదాకా దాన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ ఇళ్ళకి పోలేదు. సంగతి పాకిపోయింది. కుర్రకారంతా బెంచీల మీద ముందుకి వంగి కూర్చున్నారు. వెనక చాపల మీద మా ముఠా ఆడవాళ్ళు, నాతోపాటు నాట్లేసినవాళ్ళు, సగంమందికి చూపు సరిగా ఆనదు, చెవులు బానే వినపడతాయి. మాస్టారు కీబోర్డు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెల్లెలు వచ్చి, పాత బస్సు టిక్కెట్టు అడ్డం పెట్టి ఉంచిన చోట తెరిచి, పుస్తకం నా చేతికిచ్చింది. వేలితో పేజీ పైభాగం చూపించి, పోయి ముందు బెంచీలో కూర్చుంది.

మా పల్లెలో ఉపదేశి నిలబడినట్టే అందరి ముందూ నిలబడ్డాను. కళ్ళజోడు సర్దుకున్నాను. మొదటి లైను కూడబలుక్కుని, గట్టిగా చదివాను.

"పూర్వము ఆ దేశముల గ్రామ దేవాలయములందు..."

లైను అయిపోయింది. రెండో లైనులో పెద్ద మాట ఉంది, దాన్ని విడగొట్టుకోవాలి. ఆగాను. ఆ ఆగిన చోట వెనక చాప మీంచి ఒక గొంతు లేచింది.

"పూర్వము ఆ దేశముల గ్రామ దేవాలయములందూ..."

మా అందరికంటే పెద్దావిడ. చిన్నప్పటి నుంచి గుడిలో ఎవరు నిలబడి ఒక ముక్క చదివి ఆగినా అందుకోవడమే ఆవిడకి తెలుసు. ఆవిడ అందుకుంటే పక్కనున్నవాళ్ళు ఊరుకుంటారా? చాపలు చాపలన్నీ అందుకున్నాయి. పాత ఉపదేశి వరసలోనే, చివర్న పైకి లేపి, లాగి, వదిలారు. బెంచీల మీద కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. అయ్యగారు చెయ్యెత్తి, మళ్ళీ దించేశారు. ఈలోపు రెండో లైను నాకు విడిపోయింది.

"లేఖకుడొకడు పంక్తిని ముందుగా చదువును."

"లేఖకుడొకడు పంక్తినీ ముందుగా చదువునూ..."

"చదువెరుగని జనులు దానిని అనుసరించి పాడుదురు."

అది చదువుతూ నేను ఆగిపోయాను. లేఖకుడంటే ఎవరు, ఉపదేశే! దొరల దేశంలో కూడా ఉపదేశి ఉన్నాడు. అక్కడ కూడా ఎవరో నాలాంటి ఆడవాళ్ళు పుస్తకం లేక నిలబడి, ఆయన మాట కోసం నోరు తెరుచుకుని ఎదురుచూశారు. ఇన్నేళ్ళు నేనడిగింది ఇదే కదా అనుకున్నాను. గొంతు పెంచాను. తర్వాతి లైన్లు వాటంతటవే వస్తున్నట్టు చదివాను. అవేమంటున్నాయో చదివేటప్పుడు చూసుకోలేదు.

"నిరక్షరుల అజ్ఞానము వలన గానము మందగించి, రాగములు వికృతములయ్యెను."

"నిరక్షరుల అజ్ఞానము వలనా..." అని అందుకున్నారు మావాళ్ళు, హాయిగా, కళ్ళు మూసుకుని, "గానము మందగించీ, రాగములు వికృతములయ్యెనూ..."

అప్పుడు వినపడింది నాకు. నా నోట్లోంచి వచ్చినప్పుడు కాదు, వాళ్ళ నోళ్ళలోంచి తిరిగొచ్చినప్పుడు. వాళ్ళకి అర్థం కాలేదు. పాత తెలుగు, గుడిలో చదివింది, మంచి మాటే అయ్యుంటుందనుకున్నారు. వాళ్ళని వాళ్ళే తిట్టుకుంటున్నారు, రాగం తీసి మరీ. కుర్రాళ్ళకి అర్థమైంది. ఒకడు నవ్వు ఆపుకోలేక కిందకి వంగిపోయాడు.

ఇంకో లైనుంది. చదవకపోతే చెల్లెలు ఓడానంటుంది. చదివాను.

"విద్యావంతులైన గాయక బృందములు ఈ అనాగరిక పద్ధతిని నిర్మూలించినవి."

"నిర్మూలించినవీ..." అని లాగారు మావాళ్ళు. పెద్దావిడ ఆఖర్న ఆమేన్ కూడా చెప్పింది.

పుస్తకం మూశాను. చెల్లెలి వైపు చూశాను. అది తల దించుకోలేదు. మాస్టారు మాత్రం కీబోర్డు మీద లేని దుమ్ము దులుపుతున్నాడు.

"ఈ పేజీ ఎవరు వెతికారు?"

మాస్టారు చెల్లెలి వైపు చూశాడు.

"ఇద్దరూ కూర్చుని వెతికారా, ఫోన్లోనేనా?"

"చరిత్రలో ఉన్నదే ఉందండి మామ్మగారూ" అన్నాడు మాస్టారు. "పాట సాగదీస్తే ఏమవుద్దో మీరే చదివారు."

చెల్లెలు లేచింది. "చదివింది. ఒప్పుకుంటున్నా. వాళ్ళు అందుకుంటున్నంతసేపూ తర్వాతి లైను చూసుకుంది, అది వేరే సంగతి."

"ఉపదేశీ అలాగే చదివాడు. ఆయన్నెవరూ అది చదువు కాదనలేదు."

"అందుకే ఒప్పుకుంటున్నానంటున్నా. నా ఓటు తెలుగు పుస్తకానికి. మాట తప్పను."

"నాది ఇంగ్లీషుదేనండి, పెద్దది" అన్నాడు మాస్టారు.

అయ్యగారు నా వైపు తిరిగారు. ఇక చెప్పేదేముంది, అయిపోయిందన్నట్టు చూశారు. నిజమే, నేను తెలుగు అంటే చాలు. క్లాసులో నా చోటు నాదే. ఎవరూ లేపలేరు. వెనక్కి చూశాను. చాపల మీద మావాళ్ళు తర్వాతి చరణం కోసం ఎదురుచూస్తున్నారు. బాగా పాడామా అన్నట్టు పెద్దావిడ నా మొహంలోకి చూస్తోంది.

"నాది కూడా లావుదానికే" అన్నాను.

"మామ్మగారూ!" అన్నాడు మాస్టారు. "అది పెడితే మీరు కూర్చోలేరండి."

"తెలుసు. కూర్చోను. వాళ్ళ చేత వాళ్ళనే తిట్టించే పుస్తకాన్ని నా చేత్తో పిల్లల ముందు పెట్టను. మీ లావు పుస్తకం నన్ను తిట్టినా నాకు తెలీదు, పోనీ."

పసుప్పచ్చ పుస్తకం మా చెల్లెలి ఒళ్ళో పడేసి బయటికి వచ్చేశాను. ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. గెలిచే ఆటని చేతులారా పోగొట్టుకున్నానని ఇంట్లోవాళ్ళంతా తిట్టారు. తిట్టనీ.

క్లాసు మొదలైంది. నేను వెళ్ళలేదు. వెళ్ళకపోయినా అన్నీ తెలుస్తూనే ఉంటాయి. లావు పుస్తకం ఇంగ్లీషు ఆ పిల్లలకి ఎక్కలేదు. ఇంగ్లీషు మీడియం పిల్లలే, అయినా ఎక్కలేదు. ఒక పేజీ చదవమంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. మాస్టారు తానే గబగబా చదివేసి, కీబోర్డు వాయించేసి, రైలుకి పోయేవాడట. తల్లిదండ్రులు అయ్యగారి మీద పడ్డారు. అయ్యగారు బాపట్ల ఫోను చేశారు. ఆదివారం ఆదివారం వచ్చి, ఆ పుస్తకాన్ని లైను లైనుగా తెలుగులో చెప్పమని మా చెల్లెల్ని బతిమాలారు. అది ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో నాకు తెలీదు, నేనడగలేదు.

ఆ సంగతి తెలిసిన ఆదివారం నేను చాప చంకన పెట్టుకుని క్లాసుకి వెళ్ళాను. నా వెనకే ముఠా అంతా.

మాస్టారు గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. "మామ్మగారూ, రూలుందండి. చదవగలిగినవాళ్ళే."

"లోపల చదువుతున్నదెవరు?"

"అంటే, టీచరుగారు చదివి..."

"తక్కినవాళ్ళు?"

"వింటున్నారండి."

"మాకూ చెవులున్నాయి. తప్పుకో."

ఆయన లోపల ఉన్న చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు పుస్తకంలోంచి తలెత్తలేదు. "టైమవుతోంది మాస్టారూ, మొదలెడదాం" అంది అంతే. ఆయన తప్పుకున్నాడు.

ఇప్పటికీ చెల్లెలూ నేనూ మాట్లాడుకోం. అది బెంచీ దగ్గర నిలబడి ఒక లైను ఇంగ్లీషులో కళ్ళతో చూసుకుని, మామూలు తెలుగులో చెప్తుంది. వెనకనుంచి మావాళ్ళు అందుకుంటారు. మొదటిరోజు "నోరు ముయ్యండమ్మా, ఇది పాట కాదు" అని అరిచింది. రెండో ఆదివారమూ అరిచింది. తర్వాత అరవడం మానేసి, వాళ్ళు అయ్యేదాకా ఆగడం మొదలెట్టింది. ఆ ఆగినంతసేపూ కింది లైను చూసుకుంటూ ఉంటుంది. నేను చూస్తూనే ఉంటాను. 

మొన్న ఆదివారం లావు పుస్తకంలోనూ ఆ ఉపదేశి చోటు వచ్చింది. నాకు ఇంగ్లీషు రాకపోయినా తెలిసింది, ఎందుకంటే చెల్లెలు మామూలుగా చూసేదానికంటే ఎక్కువసేపు చూసింది. తర్వాత చెప్పింది.

"అక్కడి పల్లె గుళ్ళలో ఒకడు లైను చదివి అందించేవాడు. జనం అందుకునేవాళ్ళు. నెమ్మదిగా పాడేవాళ్ళు. ఎవరి గొంతు వాళ్ళది, ఎవరి సాగదీత వాళ్ళది. చదువుకున్నవాళ్ళకి అది నచ్చేది కాదు."

ఆగింది. మావాళ్ళు అందుకున్నారు. అయ్యాక కూడా అది తర్వాతి లైనుకి పోలేదు.

"వికృతం అని ఉందా?" అన్నాను. అన్నేళ్ళ తర్వాత, పెళ్ళీ చావూ పోట్లాటా ఏదీ కాకుండా, దాన్ని నేనడిగిన మొదటి మాట అది.

"లేదు."

"సరిగా చూడు."

"లేదంటున్నాగా!"

నేను ఇంకేదో అనబోయాను. ఈలోపు వెనక చాప మీంచి పెద్దావిడ గొంతు లేచింది, మిగతావాళ్ళంతా కలిశారు, చివర్న పైకి లేపి, లాగి లాగి వదిలారు.

"లేదంటున్నాగా..."